ప్రైవేట్ పైలట్ శిక్షణ - నెల్లూరు తీర ప్రాంతం

ప్రైవేట్ పైలట్ శిక్షణ అనగా చిన్న విమానాన్ని ప్రతిఫలం తీసుకోకుండా, సొంత అవసరానికి గాని వినోదానికి గాని నడపడానికి కావలసిన లైసెన్సు కొరకు పొందే శిక్షణ. భారతదేశంలో ఈ లైసెన్సును పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ జారీ చేస్తుంది. ఈ సంస్థను వాడుకలో డీజీసీఏ అంటారు. వేరే ఉద్యోగంలో ఉండి, దానిని వదలి విమాన చోదక వృత్తిలోకి మారదలచినవారిలో కొందరు ఈ శిక్షణను మొదటి మెట్టుగా ఎంచుకుంటారు. వారానికి ఒకటి రెండు గంటలు కాకుండా దాదాపు ప్రతిరోజూ ఎగురుతూ రెండు మూడు నెలలలో శిక్షణను ముగించే పద్ధతిని ఈ వ్యాసంలో ఏకధాటి శిక్షణ అని వ్యవహరించడం జరిగింది.

ఈ లైసెన్సు ఒక్కటే జీవనోపాధి కాజాలదు. దీనితో జీతం తీసుకొని విమానం నడపడానికి చట్టం అనుమతించదు. కనుక వృత్తి మార్పు కోరేవారు ఏ క్రమంలో అడుగులు వేయాలన్నది ముఖ్యమైన విషయం. ఉద్యోగానికి రాజీనామా, పొలం అమ్మకం వంటి వెనుకకు తీసుకోలేని నిర్ణయాలు వైద్య పరీక్ష, రాత పరీక్షల తరువాతనే రావాలి.

లైసెన్సులలో రకాలు

స్టూడెంట్ పైలట్ లైసెన్సు: శిక్షణలో ఉన్నవారికి ఇచ్చేది. కనీస వయస్సు 16 సంవత్సరాలు, పదవ తరగతి ఉత్తీర్ణత ఉండాలి. దీనికి కావలసిన పరీక్షను శిక్షణ సంస్థలోనే నిర్వహిస్తారు.

ప్రైవేట్ పైలట్ లైసెన్సు: కనీస వయస్సు 17 సంవత్సరాలు, పదవ తరగతి ఉత్తీర్ణత. కనీసం 40 గంటలు ఎగిరి ఉండాలి. అందులో 20 గంటలు శిక్షకుడు ప్రక్కన లేకుండా ఒంటరిగా ఎగరాలి.

కమర్షియల్ పైలట్ లైసెన్సు: ఇది వృత్తిగా విమానం నడపడానికి ఉద్దేశించినది. కనీస వయస్సు 18 సంవత్సరాలు. కనీసం 200 గంటలు ఎగిరి ఉండాలి. అందులో 100 గంటలు విమానానికి తానే బాధ్యుడైన పైలట్‌గా ఎగరాలి. ఇంటర్మీడియట్ స్థాయిలో భౌతిక, గణిత శాస్త్రాలు చదివి ఉండాలన్న నిబంధన 1990ల మధ్యకాలం నుండి అమలులోకి వచ్చింది. దీనిని సడలించాలన్న ప్రతిపాదన 2025 లో చర్చకు వచ్చింది. అందుచేత దరఖాస్తు చేసే నాటికి అమలులో ఉన్న నియమాన్ని డీజీసీఏ వెబ్‌సైటులో చూసుకోవాలి. బైపీసీ, కామర్స్ వంటి శాఖలలో చదివినవారు జాతీయ సార్వత్రిక పాఠశాల ద్వారా ఆ రెండు విషయాలు మాత్రమే వ్రాసి అర్హత పొందే మార్గం కలదు.

భారతదేశంలో కమర్షియల్ లైసెన్సుకు ముందు ప్రైవేట్ లైసెన్సు తప్పనిసరి కాదు. విద్యార్థి లైసెన్సు నుండి నేరుగా 200 గంటలు పూర్తిచేసి కమర్షియల్ లైసెన్సు పొందేవారే ఎక్కువ. అయినప్పటికీ వయస్సు మళ్ళిన తరువాత, కుటుంబ బాధ్యతలతో వృత్తి మారదలచినవారికి ప్రైవేట్ లైసెన్సు దశ ఒక మజిలీగా ఉపయోగపడుతుంది. మొత్తం ఖర్చులో కొంత భాగంతోనే తనకు ఈ పని సరిపడుతుందో లేదో తెలుసుకోవచ్చు. ఇక్కడ ఎగిరిన గంటలు తరువాత కమర్షియల్ లైసెన్సు లెక్కలోకి వస్తాయి.

చరిత్ర

1929 ఫిబ్రవరి 10 న జె.ఆర్.డి. టాటా భారతదేశంలో మొదటి పైలట్ లైసెన్సు పొందాడు. తెలుగు ప్రాంతాలలో బేగంపేట విమానాశ్రయం హైదరాబాదు ఏరో క్లబ్బు స్థలంగా 1930లలో రూపుదిద్దుకుంది. 2008 మార్చి 23 న ప్రయాణిక విమానాలు శంషాబాదుకు తరలిపోయిన తరువాత కూడా బేగంపేట నుండి శిక్షణ విమానాలు ఎగిరాయి. అక్కడి ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీ రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీగా మారింది. 2022 లో భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కొత్త శిక్షణ సంస్థల కొరకు ఎంపిక చేసిన విమానాశ్రయాలలో కడప కూడా ఉంది.

నెల్లూరు జిల్లాలో ప్రయాణిక విమానాలు నడిచే విమానాశ్రయం లేదు. దగదర్తి వద్ద విమానాశ్రయ నిర్మాణం చాలా కాలంగా ప్రతిపాదనలో ఉన్నది. కనుక ఈ తీరంలోని యువకులు శిక్షణ కొరకు వేరే ఊరికి వెళ్ళి ఉండవలసిందే. విజయవాడలో పెరిగిన అనీ దివ్య 17 సంవత్సరాల వయస్సులో ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో చేరి, 19 సంవత్సరాలకే ఎయిర్ ఇండియా పైలట్ అయ్యింది. 2017 లో బోయింగ్ 777 కమాండర్ అయిన పిన్న వయస్కురాలిగా గుర్తింపు పొందింది. విజయవాడలోనే పుట్టిన గోపీ తోటకూర అమెరికాలో విమానయాన విద్య చదివి పైలట్ అయ్యాడు. 2024 మే 19 న బ్లూ ఆరిజిన్ వ్యోమనౌకలో అంతరిక్షపు అంచు వరకు ప్రయాణించాడు.

వైద్య పరీక్ష

విద్యార్థి లైసెన్సుకు, ప్రైవేట్ లైసెన్సుకు రెండవ శ్రేణి వైద్య ధ్రువపత్రం చాలు. కమర్షియల్ లైసెన్సుకు మొదటి శ్రేణి ధ్రువపత్రం కావాలి. రెండవ శ్రేణి పరీక్షను డీజీసీఏ గుర్తించిన వైద్యులు చేస్తారు. అది పూర్తయిన తరువాత మొదటి శ్రేణి పరీక్షకు నిర్దేశించిన కేంద్రాలకు వెళ్ళాలి. బెంగళూరులోని వైమానిక దళ ఏరోస్పేస్ వైద్య సంస్థ అటువంటి కేంద్రాలలో ఒకటి.

చూపు, రంగుల గుర్తింపు, వినికిడి, గుండె పనితీరు, రక్తపోటు, రక్తంలో చక్కెర మొదలైనవి ఈ పరీక్షలో చూస్తారు. కళ్ళజోడు ఉన్నంత మాత్రాన అనర్హత కాదు. జోడుతో చూపు నిర్ణీత స్థాయికి రావాలి. రంగులను గుర్తించడంలో లోపం మాత్రం పెద్ద ఆటంకం. ముప్పై ఐదు, నలభై ఏళ్ళు దాటినవారిలో అంతవరకు తెలియని రక్తపోటు, మధుమేహం ఈ పరీక్షలో బయటపడే అవకాశం ఉంది.

వృత్తి మార్పు కోరేవారు ప్రైవేట్ లైసెన్సుకు అవసరం లేకపోయినా మొదటి శ్రేణి పరీక్షను ముందుగానే చేయించుకోవడం మంచిది. రెండవ శ్రేణితో లక్షల రూపాయలు ఖర్చు చేసి ఎగరడం నేర్చుకొని, తరువాత మొదటి శ్రేణిలో విఫలమైతే ఆ నైపుణ్యం వేడుకకే పరిమితమవుతుంది. గుంటూరు జిల్లాకు చెందిన శిరీష బండ్లకు చూపు సమస్య వలన వైమానిక దళ పైలట్‌గా వ్యోమగామి అయ్యే మార్గం మూసుకుపోయింది. ఆమె ఏరోనాటికల్ ఇంజనీరింగ్ వైపు మళ్ళి, 2021 జూలై 11 న వర్జిన్ గెలాక్టిక్ వ్యోమనౌకలో ప్రయాణించింది. ఆటంకం ముందే తెలిస్తే మరొక దారి వెతుక్కోవడానికి వ్యవధి మిగులుతుంది.

నేలపై చదువు

పైలట్ శిక్షణలో సగం పని గాలిలో కాదు, పుస్తకాల ముందు జరుగుతుంది. ముఖ్యమైన విషయాలు ఇవి:

1. విమానయాన నియమాలు - ఆకాశంలో దారి ఎవరు ఇవ్వాలి, ఏ ఎత్తులో ఎగరాలి, ఏ ప్రాంతాలు నిషిద్ధం మొదలైనవి.
2. నావిగేషన్ - పటం, దిక్సూచి, గాలి వేగం ఆధారంగా దారిని లెక్కించడం.
3. వాతావరణ శాస్త్రం - మేఘాలు, పొగమంచు, పీడనం, తుపానులు.
4. సాంకేతిక విషయాలు - విమానం ఎట్లా ఎగురుతుంది, ఇంజను ఎట్లా పనిచేస్తుంది.

కమర్షియల్ లైసెన్సు కొరకు డీజీసీఏ నిర్వహించే ఈ పరీక్షలలో 70 శాతం మార్కులు రావాలి. పరీక్షలు వ్రాసేవారు ముందుగా డీజీసీఏ నుండి కంప్యూటర్ సంఖ్య పొందాలి. రేడియోలో మాట్లాడడానికి వేరుగా ఆర్.టి.ఆర్. పరీక్ష కలదు. దీనిని చాలా కాలం కేంద్ర సమాచార మంత్రిత్వ శాఖ విభాగం నిర్వహించింది. 2025 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ 2024 ఈ బాధ్యతను డీజీసీఏకు అప్పగించింది.

నావిగేషన్ లెక్కలు పదవ తరగతి గణితం తెలిసినవారికి కఠినం కావు. ఉదాహరణకు 150 నాటికల్ మైళ్ళ దూరాన్ని 100 నాట్ల వేగంతో వెళ్ళే విమానం గంటన్నరలో చేరుతుంది. ఎదురుగాలి 20 నాట్లు ఉంటే నేల మీద దాని వేగం 80 నాట్లే. అప్పుడు దాదాపు 1 గంట 53 నిమిషాలు పడుతుంది. ఈ 23 నిమిషాలకు సరిపడే ఇంధనం బయలుదేరే ముందే లెక్కలో ఉండాలి.

ఎగిరే శిక్షణ

శిక్షణకు సాధారణంగా సెస్నా 152, సెస్నా 172 వంటి ఒక ఇంజను విమానాలను వాడతారు. మొదట శిక్షకుడి ప్రక్కన కూర్చొని విమానాన్ని సమతలంగా నడపడం, ఎక్కించడం, దింపడం, మలుపులు, వేగం తగ్గి రెక్కలు పట్టు కోల్పోయినప్పుడు తేరుకోవడం నేర్చుకుంటారు. తరువాత రన్‌వే చుట్టూ తిరిగి దిగడం పదే పదే అభ్యాసం చేస్తారు. శిక్షకుడికి నమ్మకం కుదిరిన రోజు విద్యార్థిని ఒంటరిగా పంపుతారు. దీనిని సోలో అంటారు. ఇది ఎన్ని గంటలకు వస్తుందన్నది విద్యార్థిని బట్టి మారుతుంది. తోటివారి కంటే నాలుగు గంటలు ఆలస్యమైనంత మాత్రాన అసమర్థుడు అనుకోనవసరం లేదు.

సోలో తరువాత దూర ప్రయాణాలు. ప్రైవేట్ లైసెన్సుకు కనీసం 5 గంటలు ఒంటరి దూర ప్రయాణం ఉండాలి. అందులో ఒకటి 150 నాటికల్ మైళ్ళకు తగ్గకుండా, మధ్యలో రెండు వేరు వేరు విమానాశ్రయాలలో పూర్తిగా దిగి ఆగాలి. 150 నాటికల్ మైళ్ళు అంటే సుమారు 278 కిలోమీటర్లు. ఇది నెల్లూరు నుండి విజయవాడకు ఉన్న రోడ్డు దూరానికి దాదాపు సమానం.

నెల్లూరు తీరం, వాతావరణం

ఈ తీరంలో పెరిగినవారికి పైలట్ చదువులోని అనేక విషయాలు కళ్ళ ముందే కనిపిస్తాయి.

సముద్రపు గాలి: పగటి ఎండకు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. నేలపై గాలి పైకి లేచి, ఆ స్థానంలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. మైపాడు, కొత్తకోడూరు తీరాలలో మధ్యాహ్నం వీచే గాలి ఇదే. తీరానికి సమాంతరంగా ఉత్తర దక్షిణాలుగా ఉన్న రన్‌వే మీద దిగే విమానానికి ఇది అడ్డగాలి అవుతుంది. సెస్నా 152 తయారీదారు పరీక్షించి చూపిన అడ్డగాలి 12 నాట్లు మాత్రమే. అందువలన తీర ప్రాంతాలలో కొత్త విద్యార్థులకు తెల్లవారుజాము అనువైన సమయం.

వేసవి వేడి: వేడి గాలి పలుచగా ఉంటుంది. ప్రామాణిక వాతావరణంలో సముద్ర మట్టం వద్ద ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్. అంతకు మించిన ప్రతి డిగ్రీకి విమానం సుమారు 120 అడుగులు ఎక్కువ ఎత్తులో ఉన్నట్లు ప్రవర్తిస్తుంది. మే నెలలో 40 డిగ్రీలు ఉన్న రోజున తేడా 25 డిగ్రీలు. అనగా సముద్రపు ఒడ్డున ఉన్న విమానం కూడా 3,000 అడుగుల ఎత్తున ఉన్నట్లే బరువుగా లేస్తుంది. రన్‌వే మీద ఎక్కువ దూరం పరుగెత్తాలి.

తుపానులు: నెల్లూరు జిల్లాకు ఈశాన్య రుతుపవనాల కాలమైన అక్టోబరు - డిసెంబరు నెలలలోనే సగానికి పైగా వర్షం కురుస్తుంది. 1989 నవంబరులో పెను తుపాను కావలి సమీపంలో తీరం దాటింది. ఈ మూడు నెలలు ఈ తీరంలో చిన్న విమానాలకు అనుకూలం కావు.

పక్షులు: నేలపట్టుకు గూడకొంగలు, పులికాట్ సరస్సుకు రాజహంసలు శీతాకాలంలో వేల సంఖ్యలో వస్తాయి. చిన్న విమానానికి పక్షి తగలడం ప్రాణాంతకం కావచ్చు.

శ్రీహరికోట: సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం నుండి రాకెట్ ప్రయోగం జరిగేటప్పుడు జాలరులకు హెచ్చరికలు చేసినట్లే పైలట్లకు కూడా నోటామ్ అనే ప్రకటన ద్వారా తెలియజేస్తారు. బయలుదేరే ముందు నోటామ్‌లు చదవడం ప్రతి పైలట్ విధి.

గుర్తులు: పటం చూసి ఎగిరేవారికి పెన్నా ముఖద్వారం, బకింగ్‌హామ్ కాలువ, కృష్ణపట్నం ఓడరేవు, రైలు మార్గం, జాతీయ రహదారి స్పష్టమైన గుర్తులు.

ఏకధాటి శిక్షణ ప్రణాళిక

రోజూ ఎగరడం వలన నేర్చినది మరచిపోకుండా ఉంటుంది. వారానికి ఒకసారి ఎగిరేవారు ప్రతిసారీ మొదటి పావుగంట పాత పాఠానికే కేటాయించవలసి వస్తుంది. అయితే ఏకధాటి శిక్షణలో అలసట ఎక్కువ. రోజుకు రెండు పాఠాలు మించితే మూడవదానిలో నేర్చుకునేది తక్కువ. నేల చదువు పూర్తికాకుండా చేరితే పగలు ఎగరడం, రాత్రి చదవడం వలన రెండూ దెబ్బతింటాయి.

వ్యవధిని ఈ విధంగా అంచనా వేయవచ్చు. వారానికి 5 రోజులు, రోజుకు గంటన్నర చొప్పున 7.5 గంటలు అవుతాయి. వాతావరణం, విమానం మరమ్మతులు, శిక్షకుడి కొరత వలన మూడవ వంతు పోతుందనుకుంటే 5 గంటలు మిగులుతాయి. ఆ లెక్కన 40 గంటలకు 8 వారాలు పడతాయి. కనీస గంటలలోనే అందరూ పూర్తి చేయలేరు. 55 గంటలు అవసరమైతే 11 వారాలు. కనుక రెండు నెలల సెలవు పెట్టి వెళ్ళేవారు మూడు నెలలకు సిద్ధపడి ఉండాలి.

ఉద్యోగంలో ఉన్న నెల్లూరు వాసికి అనువైన క్రమం ఇది:

1. ఏప్రిల్ - జూన్: రెండవ శ్రేణి, ఆ తరువాత మొదటి శ్రేణి వైద్య పరీక్షలు. ఉద్యోగం మానవలసిన అవసరం లేదు.
2. జూలై - డిసెంబరు: రాత పరీక్షల చదువు. తుపానుల కాలం ఇంటి పట్టున చదువుకు సరిపోతుంది. ఈ దశలో రెండు మూడు శిక్షణ సంస్థలను స్వయంగా చూసి రావాలి.
3. జనవరి - మార్చి: సెలవు పెట్టి ఏకధాటిగా ఎగరడం. దక్షిణాదిలో ఇది అనుకూల కాలం. ఉత్తర భారతంలో చేరేవారు జనవరి పొగమంచును లెక్కలోకి తీసుకోవాలి.
4. ఆ తరువాత: లైసెన్సు చేతికి వచ్చాక, శిక్షకుడి అభిప్రాయం విని, కమర్షియల్ శిక్షణకు వెళ్ళాలా వద్దా అన్న నిర్ణయం. రాజీనామా గురించి ఆలోచించవలసినది ఈ దశలోనే.

సంస్థను ఎంచుకునేటప్పుడు ఎగిరే స్థితిలో ఉన్న విమానాలు ఎన్ని, ఒక్కొక్క శిక్షకుడికి విద్యార్థులు ఎందరు, గత విద్యార్థులకు ఎన్ని నెలలు పట్టింది అని అడగాలి. 2025 అక్టోబరు నుండి డీజీసీఏ శిక్షణ సంస్థలకు శ్రేణులు ప్రకటించడం ప్రారంభించింది. వాటినీ చూడవచ్చు.

ఖర్చు

రుసుము సంస్థను, విమానాన్ని బట్టి మారుతుంది. లెక్క చేసే పద్ధతి మాత్రం ఒకటే. ఉదాహరణకు గంటకు 15,000 రూపాయలు అనుకుంటే 40 గంటలకు 6 లక్షలు, 55 గంటలకు 8 లక్షల 25 వేలు. దీనికి బస, భోజనం, వైద్య పరీక్షలు, పరీక్ష రుసుములు, జీతం రాని నెలల ఇంటి ఖర్చు కలపాలి. కమర్షియల్ లైసెన్సు పూర్తయ్యేసరికి మొత్తం అరకోటికి చేరడం సాధారణం. ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 వంటి పెద్ద విమానం నడపడానికి టైప్ రేటింగ్ అనే మరొక శిక్షణ కావాలి. దాని ఖర్చు వేరు.

మొత్తం రుసుము ఒకేసారి చెల్లించకుండా ఎగిరిన గంటలను బట్టి విడతలుగా చెల్లించే ఏర్పాటు విద్యార్థికి క్షేమం. మధ్యలో మానుకుంటే తిరిగి ఇచ్చే సొమ్ము ఎంతో వ్రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఉద్యోగావకాశాలు, ప్రమాదాలు

విమానయాన సంస్థలలో పైలట్లకు వయోపరిమితి 65 సంవత్సరాలు. కనుక 32 ఏళ్ళకు శిక్షణ మొదలుపెట్టి 35 ఏళ్ళకు ఉద్యోగం పొందినవారికి 30 సంవత్సరాల వృత్తి జీవితం మిగులుతుంది. అయితే లైసెన్సు ఉద్యోగానికి హామీ కాదు. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మే నెలలో విమానాలు నిలిపివేశాయి. అటువంటి ప్రతి సందర్భంలోను వేల గంటల అనుభవం ఉన్న పైలట్లు ఉద్యోగాల వేటలో పడ్డారు. కొత్తవారు వారి వెనుక నిలబడవలసి వచ్చింది. కాబట్టి లైసెన్సు తరువాత కనీసం ఒకటి రెండు సంవత్సరాలు పాత వృత్తితో జీవించగల ఏర్పాటు ఉండాలి.

ప్రాణాపాయాన్ని కూడా దాచకుండా చెప్పాలి. 2019 అక్టోబరు 6 న వికారాబాదు జిల్లా సుల్తాన్‌పూర్ వద్ద శిక్షణ విమానం కూలి ఇద్దరు శిక్షణార్థులు మరణించారు. 2022 ఫిబ్రవరి 26 న నాగార్జునసాగర్ సమీపంలో జరిగిన ప్రమాదంలో మరొక శిక్షణార్థి మరణించింది. అనుభవజ్ఞులైన పైలట్లు నడిపిన హెలికాప్టరులోనే 2009 సెప్టెంబరు 2 న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి నల్లమల అడవులలో దుర్మరణం పాలయ్యాడు. ఆ రోజు అక్కడ వాతావరణం ప్రతికూలంగా ఉంది. తొందరగా గంటలు పూర్తిచేయాలన్న ఆరాటంతో మేఘాలలోకి వెళ్ళకూడదు. ఈ రోజు ఎగరను అని చెప్పగలగడం కూడా పైలట్ నేర్చుకోవలసిన విద్యే.

ఎగరని గంటలను లాగ్ పుస్తకంలో వ్రాయడం మరొక ప్రమాదం. 2011 లో నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు పొందిన పైలట్లు అరెస్టయ్యారు. లాగ్ పుస్తకంలోని అబద్ధం లైసెన్సునే కాక, వెనుక కూర్చున్న ప్రయాణికుల ప్రాణాలను కూడా తీయగలదు.

ఇతర మార్గాలు

వైద్య పరీక్షలో నెగ్గనివారికి, అంత ఖర్చు భరించలేనివారికి విమానయాన రంగంలో ఇతర ఉపాధులు ఉన్నాయి. విమాన నిర్వహణ ఇంజనీరు, గగనతల నియంత్రణ అధికారి అటువంటివి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం పదవ తరగతి ఉత్తీర్ణులై, 18 సంవత్సరాలు నిండినవారు గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ తీసుకొని రిమోట్ పైలట్ ధ్రువపత్రం పొందవచ్చు. దీనికి అయ్యే ఖర్చు, కాలం విమాన శిక్షణతో పోలిస్తే చాలా తక్కువ. వరి పొలాలు విస్తారంగా ఉన్న నెల్లూరు ప్రాంతంలో మందుల పిచికారీకి డ్రోన్ల అవసరం ఉన్నందున, ఊరు విడిచి వెళ్ళలేనివారు ఈ మార్గాన్ని కూడా పరిశీలించవచ్చు.